పాఠకుల ప్రశ్న: ఇంత సేవ చేస్తున్నా నాకు నెమ్మది ఎందుకు లేదు?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది ఒంగోలు. పెళ్లయిన తరువాత చెన్నైలో స్థిరపడ్డాం. నేను పాత మహాబలిపురం రోడ్డు, అంటే ఓఎంఆర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. ఇక్కడి తెలుగు సంఘంలో సండే స్కూలు, క్వయర్, స్త్రీల సమాజం, శుక్రవారపు ఉపవాస ప్రార్థన, నెలకొకసారి రాత్రంతా జరిగే ప్రార్థన, వీటన్నింటిలోనూ నాకు బాధ్యత ఉంది. సంపాదనలో దశమభాగం (పదో వంతు) సంఘానికి తప్పక ఇస్తున్నాను. అయినా లోపల నెమ్మది లేదు, రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఒక్క కూడికకు వెళ్లకపోయినా దేవునికి కోపం వచ్చిందేమోనన్న భయం పట్టుకుంటుంది. సంఘ పెద్దలలో ఒకరిని అడిగితే, "నీ విధేయతలో ఎక్కడో లోపముంది, ఇంకా సమర్పించుకో" అన్నారు. ఫోనులో విన్న ఒక ప్రసంగికుడేమో, "క్రీస్తు అంతా చేసి ముగించాడు, నువ్వు చేయవలసింది ఏమీ లేదు, నమ్మి ఊరుకో" అన్నారు. ఈ రెండింటిలో ఏది వాక్యానుసారం? ఇంకొక మాట. నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. ఒంగోలులోని ఇంట్లో నా భాగం అడిగితే అన్నయ్య, "నీకు కట్నం ఇచ్చాం కదా" అన్నాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటలు లేవు. అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటుంది కాబట్టి ఆమెతో మాట్లాడటం కూడా తగ్గిపోయింది. అది వేరే సంగతి, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.
— ఒక సహోదరి, తొరైపాక్కం, చెన్నై

జవాబు: సహోదరీ, మీకు వచ్చిన రెండు సలహాలూ వాక్యంలో సగం పట్టుకొని మిగతా సగాన్ని విడిచిపెట్టినవే. మొదటివారు విశ్రాంతిని విధేయతకు దొరికే కూలిగా చెప్పారు, రెండవవారు దానిని విధేయతనుంచి దొరికే సెలవుగా చెప్పారు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును" అని ప్రభువు పిలిచినప్పుడు, వచ్చేవారు ఏమేమి చేసి వచ్చారో లెక్క అడగలేదు. ఆ వెంటనే, మత్తయి సువార్త 11వ అధ్యాయం 29వ వచనంలో, తన కాడిని ఎత్తుకొని తన యొద్ద నేర్చుకొమ్మన్నాడు. ముందు రమ్మని పిలిచి విశ్రాంతి ఇస్తానన్నాడు, ఆ తరువాతే కాడిని చూపించాడు. ఈ వరుసను తారుమారు చేస్తే సువార్త మిగలదు, కాడిని తీసివేస్తే శిష్యత్వం మిగలదు.

విశ్వాసమూ విధేయతా ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలుసుకోవడానికి హెబ్రీ పత్రిక 3, 4 అధ్యాయాలను నిదానంగా చదవండి. ఆ రచయిత 95వ కీర్తనను ఆధారం చేసుకొని, ఐగుప్తునుంచి బయటికి వచ్చి అరణ్యంలో నడిచిన ఇశ్రాయేలీయుల తరాన్ని మన ముందుంచుతాడు. సంఖ్యాకాండం 13, 14 అధ్యాయాల్లోని వృత్తాంతం మీకు తెలిసిందే. వేగు చూడటానికి వెళ్లిన 12 మంది 40 రోజులు కనాను దేశమంతా తిరిగి వచ్చారు. అందరూ చూసింది ఒకే దేశాన్ని, ఒకే ద్రాక్షగెలను, ఒకే ప్రాకారాలను. పదిమంది భయపడ్డారు. కాలేబు, యెహోషువ మాత్రం దేవుడు ఇస్తానన్నాడు కాబట్టి బయలుదేరుదామన్నారు. జనం ఆ రాత్రంతా ఏడ్చి, ఐగుప్తుకు తిరిగి వెళ్లడానికి మరొక నాయకుణ్ణి ఏర్పరచుకుందామనుకున్నారు. వారు దేవుని విశ్రాంతిలో ప్రవేశించలేకపోవడానికి కారణం అవిధేయత అని హెబ్రీ పత్రిక 3వ అధ్యాయం 18వ వచనం చెబుతుంది, అవిశ్వాసమని 19వ వచనం చెబుతుంది. ఇవి రెండు వేర్వేరు నేరాలు కావు. ఇస్తానన్నవాని మాటను నమ్మనివాడు వెళ్లమన్న చోటికి అడుగు వేయడు.

అయితే మీ ఉత్తరం చదువుతుండగా నా మనసు ఆ మరునాటి ఉదయం మీదికి పోయింది. మన ప్రసంగాల్లో ఈ భాగం సాధారణంగా వినిపించదు. 40 సంవత్సరాలు అరణ్యంలో తిరగవలసి ఉంటుందన్న తీర్పు విన్న జనం, పొద్దున్నే లేచి, తాము పాపం చేశామని ఒప్పుకొని, ఇప్పుడు వెళ్తామంటూ కొండ ఎక్కడానికి సిద్ధపడ్డారు. యెహోవా మీ మధ్య లేడు, వెళ్లవద్దని మోషే వారించాడు. వారు వినలేదు. దేవుని సన్నిధికి గుర్తైన నిబంధన మందసం పాళెంలోనే ఉండిపోయింది, మోషే కదలలేదు, వారు మాత్రం ఎక్కారు. అమాలేకీయులూ కనానీయులూ దిగివచ్చి వారిని హోర్మా వరకు తరిమి కొట్టారు. నిన్న వెళ్లమంటే వెళ్లకపోవడం ఎంత అవిధేయతో, నేడు వద్దంటే వెళ్లడం అంతే అవిధేయత. రెండవ రోజున వారిలో కనిపించిన తెగింపుగాని, ఒప్పుకోలు మాటలుగాని దానిని విధేయతగా మార్చలేకపోయాయి. అది దేవుని మాట విని చేసిన పని కాదు, తీర్పు విన్న భయాన్ని పోగొట్టుకోవడానికి చేసిన పని.

మీరు చేస్తున్న సేవను నేను తక్కువ చేయడం లేదు. పిల్లలకు వాక్యం నేర్పడం, సంఘంతో కలిసి పాడటం, ఉపవాసముండి ప్రార్థించడం మంచి పనులు. కాని ఒక్కొక్క పనిని విడిగా ప్రభువు ఎదుట పెట్టి, ఇది ఆయన నాకు అప్పగించినదా, లేక మానేస్తే ఆయన నన్ను విడిచిపెడతాడన్న భయంతో చేస్తున్నదా అని అడగండి. క్రీస్తు తన రక్తంతో సంపాదించిపెట్టిన సమాధానం శుక్రవారపు హాజరు మీద ఆధారపడి లేదు. నగరాల్లోని మన తెలుగు సంఘాలకు కూడా ఇందులో బాధ్యత ఉందని చెప్పక తప్పదు. సొంత ఊరు విడిచి వచ్చినవారికి సంఘమే పుట్టిల్లవుతుంది, అది దేవుడు చేసిన మేలు. ఆ ఇంట్లో కాదనడం తెలియని నలుగురి మీదే పనులన్నీ మోపి, దానికి సమర్పణ అని పేరు పెట్టడం మాత్రం న్యాయం కాదు.

ఆగడం కూడా విధేయత కాగలదనడానికి మీకు దగ్గరి ఉదాహరణే ఉంది. ఓఎంఆర్‌కు తూర్పున సాగే బకింగ్‌హామ్ కాలువను మీరు చూస్తూనే ఉంటారు. 1876–78 నాటి మహా కరవులో ఆ కాలువ పనిలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి పని కల్పించారు. అక్కడ సువార్త విన్న అనేకులు బాప్తిస్మం అడిగారు. తిండి కోసం వచ్చినవారెవరో, క్రీస్తు కోసం వచ్చినవారెవరో తేలాలని, కరవు సహాయం సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం తరతరాలుగా సంతోషంగా చెప్పుకుంటున్నాం గాని, దానికి ముందు ఆయన ఆగిన నెలలను అంతగా తలచుకోము. ఆత్మల రక్షణ కోసం వచ్చిన మనిషి, అడిగినవారికి బాప్తిస్మం ఇవ్వకుండా వేచి ఉండాలంటే దేవుని మీద ఎంత నమ్మకం ఉండాలి!

కాబట్టి మీ పాస్టరు గారితో నేరుగా మాట్లాడి, మీ బాధ్యతలలో ఒకటో రెండో ఉంచుకొని మిగిలినవి ఇతరులకు అప్పగించండి. నిద్రలేమి వారాల తరబడి సాగుతుంటే వైద్యుణ్ణి కలవండి. అందులో అవిశ్వాసమేమీ లేదు. చావు కోరుకొని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత మొదట రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. ఇక్కడ నీకేమి పని అన్న దేవుని ప్రశ్న ఆ తరువాత చాలా దూరాన, హోరేబు కొండపై వచ్చింది.

ఇక మీరు "వేరే సంగతి" అని రాసిన దానికి వస్తాను. నా దృష్టిలో అది వేరే సంగతి కాదు. మీ నిద్రలేమికి అదే కారణమని నేను తీర్పు చెప్పను, ఒకరి హృదయాన్ని ఉత్తరంలో చదవడం నా వల్ల కాదు. కాని పెద్దలు "ఎక్కడో లోపముంది" అని అస్పష్టంగా అన్న మాట మిమ్మల్ని అన్ని దిక్కులా పరుగెత్తిస్తుండగా, వాక్యం స్పష్టంగా మాట్లాడిన చోటు ఇదొక్కటే మీ ఉత్తరంలో నాకు కనిపించింది. అన్నిటినీ నాశనం చేయమన్న దేవుని ఆజ్ఞను మీరి అమాలేకీయుల మంచి పశువులను మిగుల్చుకొని, బలి అర్పించడానికే అని చెప్పిన సౌలు రాజుతో, "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము" అన్నాడు సమూయేలు ప్రవక్త. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి సువార్త 5వ అధ్యాయంలో చెప్పాడు. ఎన్ని కూడికలైనా ఈ ఒక్క ఆజ్ఞకు బదులు కాలేవు.

దీని అర్థం మీ హక్కును వదులుకొమ్మని కాదు. సమాధానం పేరుతో ఆడపిల్లల నోరు మూయించడం మన కుటుంబాల్లో ఎక్కువగానే జరుగుతుంది, దానికి నేను వాక్యాన్ని అరువివ్వను. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా తండ్రి చనిపోతే ఆయన ఆస్తిలో మూడింట ఒక వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా చెందుతాయి. కొడుకు, కూతురు అన్న భేదం లేదు, కట్నం ఇచ్చామన్న కారణంతో కూతురి భాగం తగ్గదు. ఇంటి పత్రాలు, పేర్లు ఎలా ఉన్నాయో ఒక న్యాయవాదికి చూపించండి. విశ్వాసుల తగవును విశ్వాసుల మధ్యనే తీర్చుకొమ్మని మొదటి కొరింథీ పత్రిక 6వ అధ్యాయంలో పౌలు చెప్పినట్టు, ఇరువైపులా గౌరవముండే ఒక పెద్దమనిషిని మధ్య ఉంచుకొని ఆ సంగతి విడిగా తేల్చుకోండి. మీరు ఇప్పుడే వదులుకోవలసింది ఇంటిని కాదు, మౌనాన్ని. భాగం వచ్చేదాకా మాట్లాడనని పట్టుబట్టడం వల్ల అన్నయ్యకంటే అమ్మ ఎక్కువ బాధపడుతుంది. తండ్రిని తల్లిని సన్మానింపుమన్న ఆజ్ఞ ఆస్తి పంపకం ముగిసేదాకా వాయిదా పడదు.

ఈ వారంలోనే అమ్మకు ఫోను చేయండి, ఇంటి మాట ఎత్తకండి. ఆ తరువాత అన్నయ్యతో, "భాగం సంగతి పెద్దల ముందు మాట్లాడుకుందాం, ఈలోగా మనం మాట్లాడుకోకుండా ఉండవద్దు" అని మీరే ముందుగా చెప్పండి. ఆయన కఠినంగా జవాబివ్వవచ్చు, అసలు ఫోనే ఎత్తకపోవచ్చు. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి" అని రోమా పత్రిక 12వ అధ్యాయం 18వ వచనం ఆ సంగతిని ముందే దృష్టిలో ఉంచుకొని చెప్పింది. మీ చేతనైనంత మట్టుకు చేసిన తరువాత, అన్నయ్య ఇంకా మాట్లాడకపోయినా, మీరు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే సంస్కారానికి, భయపడుతూ రానక్కరలేదు.