నాయనమ్మ నోట ‘యాక్చువల్లీ’

అమ్మాయీ,

నీ కథ అందింది. నాన్న రసీదు మడిచి జేబులో పెట్టుకునే చోటు బాగుంది. మూడో పేజీలో నాయనమ్మ “యాక్చువల్లీ నాకు ఆకలిగా లేదే” అంది చూడు, అక్కడే కథ పక్కన పడేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇంగ్లీషు మాట వాడావని కాదు నా కోపం. ఎవరి నోట్లో పెట్టావన్నదే. బడి మొహం చూడని ముసలమ్మ కూడా “డైరెక్టుగా ఇంటికే వచ్చాడు”, “బస్సు ఫుల్లుగా ఉంది” అంటుంది. వాటికి మన ‘గా’ తగిలించి ఏనాడో సొంతం చేసుకున్నాం. స్లోగా, సడన్‌గా, సీరియస్‌గా అన్నీ ఆ బాపతే. యాక్చువల్లీ, ఫైనల్లీ, బేసికల్లీ మాత్రం ‘గా’ లేకుండా దిగాయి. అవి కాలేజీ మెట్లెక్కినవాళ్ళ మాటలు. వాక్యం మొదట్లోనో చివర్లోనో విడిగా ఉంటాయి: “నేను రాలేదు యాక్చువల్లీ.” మనవరాలు అంటే సరిపోయేది. నాయనమ్మది శ్రీకాకుళం అన్నావు, ఆవిడ “బేగి రా” అనాలి. కరీంనగర్ అయితే “జల్ది రా”. ఇద్దరి చేతా “త్వరగా రా” అనిపిస్తే ఊరే పోయింది.

సంభాషణలో “ఆల్రెడీ తిన్నాను” ఉంటే ఉండనీ. ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి, మర్నాడు పాత్ర నోటి “ఆల్రెడీ”ని “ఇదివరకే” అని దిద్దే సంపాదకులున్నారు. పట్టించుకోకు.

కథనంలో మాత్రం కనికరం లేకుండా కొట్టెయ్. “ఆమె దాదాపుగా పడిపోయింది” అని రాశావు. పడిందా, లేదా? “పడబోయింది” అంటే చాలు. “తినేశాడు” ఉండగా “ఇప్పటికే పూర్తిగా తిన్నాడు” ఎందుకు? “కేవలం నువ్వు మాత్రమే” కాదు, “నువ్వే”. తెలుగులో ఆ పని మాట చివరే జరిగిపోతుంది. “అకస్మాత్తుగా లేచింది” తీసి “దిగ్గున లేచింది” పెట్టి చూడు, ఉలికిపాటు కూడా వచ్చేస్తుంది. అయితే దిగ్గున లేస్తారు, చటుక్కున తిరుగుతారు, గుటుక్కున మింగుతారు. తారుమారు చేస్తే నవ్వులపాలవుతావు.

“అతను నెమ్మదిగా ఉత్తరాన్ని బల్ల మీద పెట్టాడు” అన్నావు. నెమ్మది ఉన్నది పెట్టడంలో. క్రియ పక్కకు జరుపు: “ఉత్తరం బల్ల మీద నెమ్మదిగా పెట్టాడు.”

ఎర్ర పెన్ను తీసుకుని, ‘గా’తో ముగిసే ప్రతి మాట కిందా గీత గీయి. ఆ మాట తీసేసి వాక్యం చదువు. అర్థం మారకపోతే అది పోవాలి. మారితే ముందు క్రియను మార్చి చూడు, అప్పటికీ కుదరకపోతే ఉంచు. “బాధగా ఏడ్చింది”లో బాధ దండగ. “నిశ్శబ్దంగా ఏడ్చింది”లో నిశ్శబ్దం ఉండాల్సిందే. “ఆకలిగా ఉంది”, “చలిగా ఉంది” లాంటివాటి జోలికి మాత్రం పోకు, అక్కడ ‘గా’ తీస్తే వాక్యం తీరే మారిపోతుంది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు దిద్దు.