యాప్ లెక్క చూసి డ్రైవర్ జీతం కోయొద్దు

ప్రశ్న: విశాఖపట్నంలో ఏడు సీట్ల డీజిల్ కారుకు డ్రైవర్‌ను పెట్టి అద్దెకు తిప్పుతున్నాను. నెలకు పది దాకా అరకు ట్రిప్పులే. గత నెల 3,000 కిలోమీటర్లకు 200 లీటర్లు చాలని జీపీఎస్ ట్రాకర్ యాప్ చూపించింది. బంకు బిల్లులేమో 240 లీటర్లకు వచ్చాయి. ఆ తేడా డ్రైవర్ జీతంలో పట్టుకోవచ్చా?

జవాబు: దయచేసి పట్టుకోకండి. ఆ 200 లీటర్లు ఎవరూ కొలిచినవి కావు. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది అన్నంత వరకే జీపీఎస్‌కు తెలుస్తుంది. మామూలు యాప్‌లు ఆ దూరాన్ని మీరు మొదట్లో ఎంట్రీ చేసిన మైలేజీతో భాగించి చూపిస్తాయి. మీ అంకెలు చూస్తే 15 అని పెట్టినట్టున్నారు.

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మనుషులు, సామాన్లతో రెండు టన్నులయ్యే బండిని అంత ఎత్తుకు ఎక్కించాలంటే, చదును రోడ్డు మీద పట్టేది కాక అదనంగా ఒకటిన్నర లీటరు దాకా కావాలి. దిగేటప్పుడు కొంత కలిసొచ్చినా అంతా తిరిగిరాదు, చాలావరకు బ్రేకుల్లో వేడిగా పోతుంది. పైగా ట్రాకర్ నిమిషానికోసారి మాత్రమే లొకేషన్ పంపేదైతే, ఘాట్ మలుపుల్ని వదిలేసి రెండు చుక్కల మధ్య సూటిగా గీత గీస్తుంది. దాంతో దూరమే తగ్గిపోతుంది. ఓడోమీటర్‌తో ఒకసారి పోల్చండి.

వెయిటింగ్ సంగతీ ఉంది. బొర్రా గుహల దగ్గర పెద్దవాళ్లు కార్లోనే కూర్చుంటామంటే డ్రైవర్ ఏసీ ఆపలేడు. అలా ఆన్‌లో ఉన్న ఇంజిన్ గంటకు లీటరు దాకా తాగుతుంది. ట్రాకర్‌కు మాత్రం బండి ఆగినట్టే కనిపిస్తుంది. ఘాట్ ఎక్కడం, వెయిటింగ్ కలిపితే పది ట్రిప్పులకు 25 నుంచి 30 లీటర్లు అవుతాయి. మిగిలిన పది పదిహేను లీటర్ల కోసం ఒక మనిషిని దొంగ అనడం అన్యాయం. చట్ట ప్రకారం కూడా, నష్టం పేరుతో జీతం కోసే ముందు అతను చెప్పేది వినాలి.

వచ్చే నెల ఒకే బంకులో ట్యాంక్ ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ చేయించేదాకా ఓడోమీటర్ రీడింగు, లీటర్లు రాసుకోండి. అరకు ట్రిప్పులకు వేరుగా, ఊళ్లో తిరుగుడుకు వేరుగా లెక్క వేయండి. నిజంగా డీజిల్ పోతుంటే ఒకే రకం ట్రిప్పుల మధ్య తేడాగా అక్కడే కనబడుతుంది. ట్రాకర్‌కు ఇగ్నిషన్ వైరు కలపమని బిగించినవాళ్లను అడగండి. బండి ఆగినా ఇంజిన్ ఎంతసేపు నడిచిందో అప్పుడు తెలుస్తుంది.

నాకైతే మీ నష్టం అద్దె రేటులోనే కనిపిస్తోంది. లీటరు 100 రూపాయలనుకున్నా, 15 మైలేజీ లెక్కన ప్యాకేజీ చెబితే ప్రతి అరకు ట్రిప్పు మీద 250 నుంచి 300 రూపాయలు మీ జేబులోంచే పోతున్నాయి. ఆ మొత్తం రేటుకు కలపండి. ఏసీ వెయిటింగ్ ఛార్జీ గంటకింత అని బుకింగ్ అప్పుడే చెప్పండి. డ్రైవర్‌కు ఈ నెల జీతం పూర్తిగా ఇచ్చేయండి.