పెసహ నుంచి షావూత్ దాకా: 49 రాత్రుల బోర్డు ఇంట్లోనే చేయడం ఎలా?

పెసహ (పస్కా) పండుగ రెండో రాత్రి నుంచి యూదులు 49 రాత్రులు లెక్కపెడతారు. 50వ రోజు షావూత్, అంటే వారాల పండుగ. ఇది ఓమెరు లెక్క. ఓమెరు అంటే ఒక కొలత. యెరూషలేములో ఆలయం ఉన్న రోజుల్లో కొత్త యవల పంటలోంచి అంత కొలిచి అర్పించేవారు. దీనికి పిల్లలతో కలిసి బోర్డు ఎలా చేయాలని అడిగారు.

పెద్ద అట్టముక్క మీద ఏడు వరసలు, వరసకు ఏడు చిన్న కాగితం జేబులు అంటించండి. వరసకో వారం. లెక్క చెప్పేదీ అలాగే కదా: "ఇవాళ పన్నెండు రోజులు, అంటే ఒక వారం, అయిదు రోజులు." జేబుకో కార్డు పెట్టి, అంకె వెనకవైపు రాయండి. చీకటి పడ్డాక ముందు ఆశీర్వచనం, తర్వాత అంకె, ఆపైనే పిల్లలు కార్డు తిప్పాలి. ఆశీర్వచనానికి ముందే ఎవరైనా "ఇవాళ ఎన్నో రోజు?" అంటే "నిన్న పదకొండు" అనే చెబుతారు, ఇవాళ్టి అంకె చెబితే లెక్కపెట్టేసినట్టే అవుతుంది కాబట్టి. బోర్డులోనూ నిన్నటి అంకే కనిపిస్తుంది, అందుకే నాకీ పద్ధతి బాగా నచ్చింది.

రోజుకో కాగితం చింపే క్యాలెండర్ మాత్రం వద్దు. శబ్బాతు (యూదుల వారపు విశ్రాంతి దినం) నాడు చింపకూడదు, రాయకూడదు, అంటించకూడదు.

33వ కార్డు మీద చలిమంట బొమ్మ వేయించండి. ఆ రోజు లాగ్ బఓమెర్, మంటలు వేసే పండుగ.

ఒక రాత్రి మర్చిపోతే టెన్షన్ పడకండి. మర్నాడు పగలు ఆశీర్వచనం లేకుండా లెక్క చెప్పి, ఆ రాత్రి నుంచి మామూలుగా కొనసాగించవచ్చు.