బోర్డు ఏదైనా కొనండి, ముందు లాప్‌టాప్ వైరు పీకండి

విజయనగరంలో ఈసీఈ థర్డ్ ఇయర్, ఎంబెడెడ్ (మోటారు లాంటి వస్తువుల్ని చిన్న చిప్‌లో కోడ్ రాసి నడిపించడం) నేర్చుకోవాలి, కోడ్ ఎక్కించుకునే బోర్డుల్లో ఆర్డునో కొనాలా ఈఎస్‌పీ 32 కొనాలా లేక డైరెక్టుగా ఎస్‌టీఎం 32కే పోవాలా అని కదా మీ డౌటు. ఏదో ఒకటి కొనండి బాబూ. తప్పు బోర్డు కొని చెడిపోయినోడు నాకు ఇంతవరకూ తగల్లేదు, బోర్డుని టేబుల్ మీంచి దించక అక్కడే ఉండిపోయినోళ్ళు మాత్రం బోలెడుమంది. లాప్‌టాప్ నుంచి నీటుగా 5 వోల్టులు వస్తూ, ఎల్ఈడీ వెలుగుతూ, సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపేవి లాప్‌టాప్‌లో చూపించే విండో) నంబర్లు పడుతుంటే దాన్ని నేను ఎంబెడెడ్ అనను, అది సి ల్యాబే, కాకపోతే ఓ బుల్లి లైటు ఎక్స్‌ట్రా.

మా చిన్నాన్నకి కవిటి దగ్గర కొబ్బరి తోట ఉంది. బోరు, పక్కనే సిమెంటు ట్యాంకు. ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగాలి, అంతే పని. వాళ్ళబ్బాయి పాలిటెక్నిక్, ఊనో బోర్డు (ఆర్డునోల్లో ఒకటి), రిలే మాడ్యూలు (బోర్డు చెప్తే ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్చు), ఫ్లోట్ స్విచ్చు (నీళ్ళలో తేలి మట్టం చెప్పేది), చిన్న ఎల్‌సీడీ పెట్టి ఇంట్లోనే మొత్తం సెట్ చేసేశాడు. బకెట్లో ఫ్లోట్ ముంచితే రిలే ఆఫ్, పైకి తీస్తే ఆన్, పిన్నయితే వీధిలో అందర్నీ పిలిచి చూపించింది. సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు దాన్ని షెడ్డులోకి పట్టుకెళ్ళి స్టార్టర్‌కి తగిలించాం (స్టార్టర్ లోపల చెయ్యి పెట్టింది మోటారు మెకానిక్కే, మీరూ అలాగే చెయ్యండి, త్రీ ఫేజ్‌తో ఆటలొద్దు).

ట్యాంకు నిండింది, మోటారు ఆగింది. ఆగిందో లేదో మళ్ళీ టక్, మళ్ళీ ఆగింది, మళ్ళీ టక్. స్టార్టర్‌లో కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపి తెంపే పెద్ద స్విచ్చు) కొట్టుకుంటానే ఉంది, ఎల్‌సీడీ మీద వెల్‌కం అని వస్తోంది పోతోంది. చిన్నాన్న "ఏట్రా ఇది, ఆపండ్రా, మోటారు కాలిపోద్ది" అని మెయిన్ లాగేశాడు.

తమ్ముడు కోడ్‌లో లూప్ (పదేపదే నడిచే భాగం) అంతా వెతుకుతున్నాడు గానీ అసలు క్లూ ఆ వెల్‌కం దగ్గరే ఉంది. అది సెటప్‌లో ఉన్న మాట, పవరిచ్చినప్పుడు ఒక్కసారే రావాలి. పదేపదే వస్తోందంటే బోర్డు రీసెట్ అవుతోందన్నమాట. కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు తెగ్గానే వచ్చే స్పైకు (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) పక్కనున్న వైర్లలోకి దూరి బోర్డుని పడగొడుతోంది. బోర్డు మళ్ళీ లేచి ఏం చేస్తోంది? వాడి కోడ్‌లో ముందు రిలే పిన్‌ని అవుట్‌పుట్ చెయ్యడం, తర్వాత ఎల్‌సీడీ స్టార్ట్ చెయ్యడం, ఆ తర్వాతెప్పుడో రిలే ఆఫ్ చెయ్యడం. మామూలుగా దొరికే రిలే మాడ్యూళ్ళు చాలావరకు పిన్ 'లో' (0 వోల్టులు) అయితే ఆన్ అయ్యే రకం, ఊనోలో పిన్‌ని ఉత్తినే అవుట్‌పుట్ చేస్తే అది 'లో'గానే ఉంటుంది. ఎల్‌సీడీ లేచే ఆ కాసేపట్లో రిలే పట్టేస్తుంది, వెంటనే వదుల్తుంది, వదిలినప్పుడు మళ్ళీ స్పైకు, మళ్ళీ రీసెట్. అవుట్‌పుట్ చెయ్యకముందే పిన్‌కి 'హై' (5 వోల్టులు) రాసేలా ఒక్క లైను పైకి జరిపితే టక్కుటక్కు ఆగిపోయింది. రీసెట్ మాత్రం ఆగలేదు. దానికి కాయిల్ రెండు కొసల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టరూ 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం (మెయిన్ కరెంటు మీద పెట్టే రకం) కెపాసిటరూ సిరీస్‌లో పెట్టించాం, ఫ్లోట్ వైరుని మోటారు వైరుతో కలిపి కట్టేస్తే అది విడదీశాం. ఆ కెపాసిటర్ కోసం శ్రీకాకుళంలో ఏ షాపుకెళ్ళినా ఫ్యాన్ కెపాసిటరే తీసి చూపించారు, చివరికి వైజాగ్ నుంచి తెప్పించాల్సొచ్చింది, ఇదింకో గోల.

ఇది ఏ కోర్సులో చెప్తారండీ? నేను చదివిన కాలేజీలో 8051 ల్యాబ్ అంటే రికార్డు రాయడమే. 1980లో ఇంటెల్ తెచ్చిన చిప్ అది, పాతదని నాకేం కోపం లేదు, మంచి చిప్పే, కానీ కిట్టు ముట్టుకోకుండానే అవుట్‌పుట్ కాలమ్ నింపేసేవాళ్ళం. ఫైనల్ ఇయర్ వచ్చేసరికి ప్రాజెక్ట్ సెంటర్‌కెళ్ళి డబ్బులిస్తే బాక్సూ రిపోర్టూ రెడీ. మీరు ఆ పని మాత్రం చెయ్యకండి, ఆ డబ్బులో సగంతో బోర్డూ మల్టీమీటరూ రెండూ వస్తాయి.

సరే, బోర్డు పేరు చెప్పకపోతే ఊరుకోరు కాబట్టి, ఊనో ఆర్3. 16 మెగాహెర్ట్జ్, 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్. ఆ 2 కేబీయే గురువు, స్ట్రింగులు (కోడ్‌లో మాటల ముక్కలు) ఇష్టమొచ్చినట్టు వాడితే అదే బుద్ధి చెప్తుంది. ఈఎస్‌పీ 32తో మొదలెట్టినోళ్ళు వైఫై చూసి ఫోన్‌లో బటన్లు చేసుకుంటూ అక్కడే సెటిలైపోతారు, పైగా దాని పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సెన్సర్ తిన్నగా తగిలిస్తే పోయే ప్రమాదం ఉంది. ఉద్యోగం కోసమైతే ఎస్‌టీఎం 32 ఎలాగూ తప్పదు, కానీ ఊనోలో లైబ్రరీలు పక్కనపెట్టి దాని మీదుండే ఏటీమెగా 328పీ చిప్ డేటాషీట్ చూసి తిన్నగా రిజిస్టర్లతో (చిప్ లోపలి సెట్టింగుల గళ్ళు) ఒక టైమర్ నడిపాక అటు వెళ్ళండి. క్లోన్ బోర్డు (వేరేవాళ్ళు చేసిన నకలు) చాలు. చాలా క్లోన్లలో యూఎస్‌బీ కోసం సీహెచ్ 340 చిప్ ఉంటుంది, పోర్ట్ కనపడకపోతే దాని డ్రైవర్ వేసుకోండి, అప్పటికీ కనపడకపోతే కేబుల్ మార్చండి, ఇంట్లో పడున్న పాత ఫోన్ కేబుళ్ళలో కొన్ని ఛార్జింగ్‌కే తప్ప డేటాకి పనికిరావు.