బుజ్జీ, కమాన్ కట్టలు విప్పే ముందు

చిరంజీవి బుజ్జికి పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మామిడి కాపు సంగతులేవో చెబుతాడనుకున్నా. "అన్నయ్యా, పికప్పుకి వెనక కమాన్ కట్టలు, అదే బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు, రెండూ అమ్మాయి తనే మారుస్తానంటోంది, ఆటోనగర్ పంపిద్దామంటే వినట్లేదు" అన్నాడు. నువ్వు పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకుంటానన్న రోజున ఇంట్లో నీ వైపు మాట్లాడింది నేనొక్కణ్ణే. అది గుర్తొచ్చి ఛాతీ ఉప్పొంగింది తల్లీ. ఫోన్ పెట్టేశాక మాత్రం కన్ను మూతపడలేదు. తెల్లవారుజామున లేచి కూర్చుని రాస్తున్నా. ఫోన్లో చెబితే "సరే పెద్దనాన్నా" అని సగంలో పెట్టేస్తావు. కాగితమైతే బండి పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు.

ముందు నట్లన్నిటికీ రెండు రోజుల ముందునుంచే తుప్పు వదిలే నూనె పట్టించు. కొత్త కట్టల్ని పాతవాటి పక్కన నేల మీద పరిచి పొడవు, వెడల్పు, పట్టీల లెక్క సరిచూసుకో. పట్టీల్ని కలిపి ఉంచే సెంటర్ బోల్టు సరిగ్గా మధ్యలోనే ఉంటుందనుకోకు. చాలా బళ్లకి ముందు భాగం పొట్టిగా, వెనక భాగం పొడుగ్గా ఉంటుంది. అందుకని విప్పేముందే ముందు వైపు సుద్దతో గీత పెట్టు. మార్చేది రెండు వైపులా మార్చాలి, విప్పేది మాత్రం ఒక్కో వైపే. రెండోది బిగించి ఉంటే హౌసింగ్, అదే వెనక చక్రాల ఇరుసు గొట్టం, తన చోటు వదలదు.

ఇక జాకీ. ఇది మాత్రం నాకు మాట ఇచ్చి చెయ్యాలి. జాకీ ఉన్నది బండిని పైకెత్తడానికి. ఎత్తాక చాసిస్, అంటే బండి చట్రం, దాని బరువంతా ఇనుప స్టాండ్ల మీద పడాలి. హౌసింగ్ కింద వేరే జాకీ ఉండాలి. దాన్ని కాస్త దించుతూ కాస్త ఎత్తుతూ పని చేసుకోవాలి. మరీ దించావంటే బ్రేకు పైపు సాగి తెగుతుంది, కన్నేసి ఉంచు. హ్యాండ్‌బ్రేకు పట్టుకునేది వెనక చక్రాల్ని, అవి గాల్లో ఉంటే అది ఉన్నా లేనట్టే. ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు కొట్టు. సిమెంటు ఇటుకలు ఎక్కడా పెట్టకు, అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి. నువ్వు బండి కిందికి దూరినంతసేపూ తమ్ముడు అక్కడే నిలబడాలి. వాడి చేతిలో ఫోన్ ఉండకూడదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా. మీ నాన్నకి కూడా ఇది పూర్తిగా తెలియదు.

1993 వేసవి. మామిడి సీజన్ మంచి ఊపులో ఉంది. శనివారం పొద్దుపోయాక ఒక టాటా 407 లారీ మా షెడ్డుకొచ్చింది, ఎడం కట్టలో మెయిన్ పట్టీ విరిగి. తెల్లారేసరికి నూజివీడులో బంగినపల్లి లోడు ఎత్తాలని ఓనరు కాళ్లావేళ్లా పడ్డాడు. కట్ట దొరికింది. కట్టని హౌసింగ్‌కి కలిపి పట్టే యూ బోల్టులు దొరకలేదు, షాపులన్నీ కట్టేశారు. పాతవి చేతిలోకి తీసుకుని చూశా. బోల్టు మరల మీద తుప్పు, ఒకదాని కాలు కాస్త సాగింది. చూశాను బుజ్జీ, చూసి కూడా అవే వేశా. పొడుగు పానా పట్టి, పైప్ తొడిగి, ఒళ్లంతా వేసి లాగాను. ఇంక కదలనంత బిగుసుకుంది. కానీ ఆ బిగువంతా తుప్పు మరల దగ్గరే ఖర్చయిపోయింది, కట్టని హౌసింగ్‌కి అదిమి పట్టే దాకా రానేలేదు. పానా బిగిసిందంటే కట్ట బిగిసినట్టేనని ఆ వయసులో అనుకునేవాణ్ణి. "సోమవారం తీసుకురా, మళ్లీ ఒకసారి బిగిస్తా" అన్నా. సోమవారం రాలేదు. మంగళవారం గుర్తొచ్చింది. చేతినిండా పని, ఎవరినీ పంపలేదు.

గురువారం కబురొచ్చింది. ఆగిరిపల్లి దాటాక గేదె అడ్డమొస్తే డ్రైవరు బ్రేకు తొక్కాడట. వదులైన యూ బోల్టులు హౌసింగ్‌ని పట్టలేకపోయాయి, ఆ భారమంతా సెంటర్ బోల్టు మీద పడింది. అది కట్ట పట్టీల్ని కలిపి ఉంచడానికి, హౌసింగ్‌కి చోటు చూపించడానికి ఉన్న బోల్టు, అంత బరువు దాని వల్ల కాదు. తెగింది. ఎడం వైపు హౌసింగ్ వెనక్కి జరిగి, బండి అడ్డం తిరిగి కాలవలోకి దిగింది. పెట్టెల మీద పడుకున్న క్లీనరు కుర్రాడు ఎగిరిపడ్డాడు. పదిహేడేళ్లవాడు. తొడ ఎముక విరిగింది.

నేను వెళ్లేసరికి కాయలన్నీ నీళ్లలో తేలుతున్నాయి. తెగిన బోల్టు ముక్క ఏరుకుని చూశా. సగం నల్లగా తుప్పు పట్టి ఉంది, సగం తెల్లగా గరుగ్గా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. నల్లగా ఉన్నంత మేరా ముందే, రోజూ కాస్త కాస్త చిట్లుతూ వచ్చింది. ఆ పూట తెగింది తెల్ల సగం ఒక్కటే. అంటే నాకు నాలుగు రోజుల టైము ఇచ్చిందన్నమాట. ఆ కుర్రాడు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ సాయంత్రం పూట వెళ్లి కూర్చునేవాణ్ణి. నన్ను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు వాడికి మనవలున్నారు. నున్న మామిడి మార్కెట్లో ఎదురుపడితే నా కళ్లు ముందు వాడి నడక మీదికే పోతాయి.

అందుకే యూ బోల్టులు కొత్తవే కొను, నట్లతో సహా నాలుగూ. పాతవి నిగనిగలాడుతున్నా తీసి పారెయ్యి, ఒకసారి సాగినవి మళ్లీ పట్టవు. సెంటర్ బోల్టు తల హౌసింగ్ మీద బెజ్జంలో దిగిందో లేదో వేలు పెట్టి తడుము, కంటిని నమ్మకు. నట్లు ఒక్కొక్కటే పూర్తిగా బిగించేయకు, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రా. ఎంత బిగువో బండి పుస్తకంలో ఉంటుంది, ఆ బిగువు కొలిచే టార్క్ పానా అద్దెకి తెచ్చుకో. కట్ట రెండు కొసల్నీ చాసిస్‌కి పట్టే ముందు పిన్ను, వెనక షాకిల్ పిన్ను మాత్రం బండి నేల మీదికి దిగి, బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్షులు మెలికపడి త్వరగా చిరుగుతాయి. చాసిస్ నుంచి వెనక హౌసింగ్‌కి సన్న రాడ్ ఉంటే అది లోడుని బట్టి బ్రేకు సర్దేది, ఎత్తు మారింది కాబట్టి షెడ్డులో చూపించి సరిచేయించు.

మీ నాన్న అదనంగా రెండు పట్టీలు వేయిద్దామంటున్నాడట. వద్దని నేను చెప్పానని చెప్పు. పట్టీలు పెంచితే బ్రేకులూ టైర్లూ పెరుగుతాయా? పైగా బండి బిగుసుకుపోయి ప్రతి గుంతలో ఎగిరితే బంగినపల్లి కాయ నున్న చేరేసరికి కమిలి ఊరుకుంటుంది. పోయినేడు కాయ ధర తగ్గించారని ఏడ్చింది ఆయనే కదా. విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టిస్తానన్నా ఒప్పుకోకు. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

ఇంత రాశానని భయపడకు తల్లీ. నీ చెయ్యి నాకు తెలుసు. చిన్నప్పుడు నా స్కూటర్ కార్బురేటర్ విప్పి, ఒక్క స్క్రూ మిగల్చకుండా మళ్లీ పెట్టావు. నేను ఆ వయసులో అంత ఓపిగ్గా లేను.

మొదటి లోడు ఏ రోజో ముందు రోజే ఫోన్ చెయ్యి. నున్న మార్కెట్లో కాయ దింపేసరికి పొడుగు పానా తీసుకుని వచ్చి ఉంటా. మోకాళ్లు వంగవు కాబట్టి కిందికి నువ్వే దూరు, నేను పక్కన స్టూలేసుకుని కూర్చుంటా. నాలుగు బోల్టులూ నా ముందు మళ్లీ బిగించాలి. 500 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. ఆ రోజు నువ్వు రాకపోతే నేనే నూజివీడు బస్సెక్కుతా.

మీ పెద్దనాన్న