ఎన్నారై సందేహాలు: ఫాల్‌లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

నరసాపురం నుంచి ఈ ఆగస్టులోనే అమెరికా వెళ్లిన ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. భర్తకి ఉద్యోగం, తనకి హెచ్4 (ఉద్యోగం మీద వెళ్లినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా), పిల్లలకి ఆరేళ్లు, మూడేళ్లు. "అక్కా, శనివారం వస్తే మాల్, ఆదివారం వస్తే ఇండియన్ స్టోరు, అంతకు మించి ఏమీ తెలీట్లేదు. ఇక్కడ మేముండే ఊళ్లో మ్యూజియం ఉందట, ఫాల్‌లో ఫ్యామిలీ ప్రోగ్రాములు పెడతారట. మనం కూడా వెళ్లొచ్చా? ఖర్చెంతవుతుంది? అక్కడికెళ్లి ఏం చేయాలి?"

తప్పకుండా వెళ్లండమ్మా. ఫాల్ అంటే అక్కడి ఆకురాలు కాలం, ఈ సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లోనే వెళ్లండి. నేనిప్పుడు రాజోలు దగ్గర మా పుట్టింట్లో ఉన్నాను, ఇక్కడ కూడా పిల్లల్ని తీసుకుని త్వరలో విమానం ఎక్కబోయేవాళ్లు ఇలాంటివే అడుగుతున్నారు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ మూడు నెలలే ఎందుకంటే, మన దగ్గర ఇది పండగల కాలం. దసరా, అట్లతద్ది, దీపావళి, నాగులచవితి, కార్తీక స్నానాలు, వరసగా ఇల్లు కళకళలాడుతూ ఉంటుంది. మొదటి ఏడాది అక్కడ అదేమీ కనపడక ఆడపిల్లలు బాగా దిగులు పడతారు, నేను చాలామందిని చూశాను. దానికి తోడు నవంబరు మొదటి ఆదివారం చాలా రాష్ట్రాల్లో గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆ మర్నాటి నుంచి పిల్లలు స్కూలు నుంచి వచ్చి ఏదో తినేసరికే చీకటి పడిపోతుంది. ఆ తర్వాత మంచు, జలుబులు. ఊళ్లో నలుగురూ ముఖపరిచయం కావాలంటే చలి ముదరక ముందే కావాలి. అక్కడ గుడి ఉంటుంది, తెలుగు సంఘం ఉంటుంది, కాదనను, కానీ అవి మనవాళ్లని మనవాళ్లకే కలుపుతాయి. మీ పిల్లాడి క్లాసులో చదివే పిల్లల తల్లులు, లైబ్రరీలో పనిచేసే ఆవిడ, పక్కవీధి పెద్దాయన, వీళ్లంతా ఒకే చోట తీరిగ్గా కనపడేది ఆ మ్యూజియం శనివారాల్లోనే.

ముందు ఖర్చు సంగతి చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఆగిపోయేది అక్కడే. పెద్ద ఊళ్లలో సైన్సు మ్యూజియానికి నలుగురు టికెట్ కొంటే వంద డాలర్లు దాటే చోట్లున్నాయి. రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకోకండి, ఆ ధర పెట్టకుండా లోపలికెళ్లే దారులు చాలా ఉన్నాయి. మొదటిది పబ్లిక్ లైబ్రరీ. ఇంటి లీజు కాగితమో కరెంటు బిల్లో చూపిస్తే ఆ ఊరివాళ్లకి కార్డు ఉచితంగా ఇస్తారు. ఆ కార్డు మీద పుస్తకాలు ఇచ్చినట్టే మ్యూజియం పాస్‌లు కూడా ఇచ్చే లైబ్రరీలు బోలెడు. శని, ఆదివారాల పాస్‌లు ఇట్టే అయిపోతాయి, కాబట్టి బుకింగ్ ఏ రోజు తెరుస్తారో కనుక్కుని ఆ రోజే చేసేయండి. రెండోది, మీ దగ్గర బ్యాంక్ ఆఫ్ అమెరికా కార్డు ఉంటే ప్రతి నెలా మొదటి పూర్తి వారాంతంలో కొన్ని మ్యూజియాలకి ఉచితం. అయితే అది కార్డు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఒక్కరికే, పిల్లలకి కాదు, ఫొటో ఉన్న ఐడీ కూడా చూపించాలి. నెల ఆదివారంతో మొదలైతే ఆ వారాంతం లెక్కలోకి రాదు, శనివారం కూడా ఆ నెలలోనే ఉండాలి. వాషింగ్టన్ దగ్గర దిగినవాళ్లు మాత్రం అదృష్టవంతులు, అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియాలకి అసలు టికెట్టే లేదు.

ఏడాదికి మూడుసార్లు వెళ్తామనుకుంటే ఫ్యామిలీ మెంబర్‌షిప్ తీసుకోవడమే లాభం. తీసుకునే ముందు రెండు విషయాలు అడగండి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు వాళ్లకి కూడా వర్తిస్తుందా, లేక గెస్ట్ పాస్ కొనాలా అన్నది ఒకటి. సైన్సు మ్యూజియం అయితే ఏఎస్‌టీసీ (సైన్సు సెంటర్ల సంఘం) పాస్‌పోర్టు ప్రోగ్రాములో ఉందా అన్నది రెండోది. అందులో ఉంటే మీ ఊరి కార్డుతోనే వేరే ఊళ్లలోని సైన్సు సెంటర్లకి ఉచితంగా వెళ్లొచ్చు, కాకపోతే మీ ఇంటికీ, మీ మ్యూజియానికీ 90 మైళ్ల లోపు ఉన్నవాటికి చెల్లదు. మామూలు ప్రవేశం వరకే గానీ ప్లానెటేరియం షోలకీ, ప్రత్యేక ప్రదర్శనలకీ విడిగా కట్టాలి. థాంక్స్‌గివింగ్ సెలవులకి వేరే రాష్ట్రంలో అన్నగారింటికో ఆడపడుచు ఇంటికో వెళ్లేవాళ్లకి ఇది బాగా కలిసొస్తుంది.

ఇక లోపల ఏముంటుందంటారా? సెప్టెంబరు చివర్లో ఆకుల సంగతితో మొదలవుతుంది. కోనసీమలో పుట్టిన పిల్లలు ఏడాదంతా పచ్చటి కొబ్బరి మట్టలే చూసి ఉంటారు, ఒక చెట్టు చెట్టంతా ఎర్రబడిపోవడం వాళ్లకి వింత. నేచర్ మ్యూజియాల్లో పిల్లల్ని బయటికి తీసుకెళ్లి ఆకులు ఏరించి, వాటికి రంగు పూసి కాగితం మీద అచ్చులు వేయిస్తారు, ఆ రంగు ఎలా వచ్చిందో కూడా చెప్తారు. పగటి వెలుగు తగ్గి చలి పడేసరికి ఆకులోని పచ్చదనం విరిగిపోతే ముందునుంచీ లోపలే ఉన్న పసుపు బయటపడుతుంది, ఎరుపు మాత్రం ఆ సమయంలోనే కొత్తగా తయారవుతుంది. ఆరేళ్ల పిల్లాడికి ఇది అర్థమవుతుంది, నమ్మండి. మీరు చేయాల్సిందల్లా పక్కన కూర్చోవడం. వాడి చేతిలో జిగురు లాక్కుని మీరే అందంగా అంటించేయకండి. అక్కడి టీచరు "నీకేం కనపడుతోంది?" అని వాణ్ణి అడిగితే వాడి బదులు మీరు జవాబు చెప్పకండి. మన స్కూళ్లలో తప్పు చెప్తే ఏమంటారో అన్న భయం ఉంటుంది కదా, అది పోవాలంటే వాడికి తోచినట్టు చెప్పనివ్వాలి.

హిస్టరీ మ్యూజియం చిన్నదైనా వదలకండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. అక్టోబరులో పంట పండగ పెడతారు, ఆపిల్స్ పిండి రసం తీస్తారు, మొక్కజొన్న పొత్తు మీది రేకులతో బొమ్మలు కట్టిస్తారు, పాతకాలం పద్ధతిలో వెన్న చిలుకుతారు. మా అమ్మ వచ్చిన ఏడాది అక్కడికి తీసుకెళ్లాం. అమ్మకి ఇంగ్లీషు రాదు. పాతకాలం గౌను వేసుకున్న ఒక పెద్దావిడ నిలువుగా ఉన్న కొయ్య పీపాలో కర్రని పైకీ కిందకీ ఆడిస్తూ పిల్లలకి చూపిస్తోంది, పిల్లలు వంతులవారీగా కాసేపు ఆడించి విసుగొచ్చి పోతున్నారు. అమ్మ వెళ్లి కర్ర అందుకుంది. నాలుగు తిప్పులయ్యాక చప్పుడు మారింది, పలచగా వచ్చేది కాస్తా బరువుగా వచ్చింది. అమ్మ చెయ్యి ఆపి "వెన్న పడిందే, చన్నీళ్లు పొయ్యమను" అంది. మూత తీస్తే నిజంగానే వెన్న తేలుతోంది. ఆ పెద్దావిడ అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆ తర్వాత మేము ఎప్పుడు వెళ్లినా ఆవిడ ముందు అమ్మ గురించే అడిగేది. మీ అత్తగారో అమ్మగారో వస్తే ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టకండి. చాలా మ్యూజియాల్లో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, మధ్యమధ్యలో బల్లలుంటాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కూడా ఇబ్బంది లేకుండా తిరగొచ్చు.

హాలోవీన్ అక్టోబరు 31న, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే పండగ అది. రాత్రిపూట వీధిలో తిరగాలంటే బెరుగ్గా ఉంటే మ్యూజియంలో పగటిపూట పెట్టేదానికి వెళ్లండి, చిన్నపిల్లలకి భయం పుట్టని విధంగా ఉంటుంది. శాకాహారులైతే గమ్మీలు, మార్ష్‌మాలోల ప్యాకెట్ల వెనక చదవండి, చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. పల్లీలు, జీడిపప్పు పడని పిల్లలున్న ఇంటివాళ్లు నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు గుమ్మడికాయ ఎక్కడుందో చూసుకోండి, అక్కడ మిఠాయికి బదులు చిన్న బొమ్మలు ఇస్తారన్నమాట.

ఆ వెంటనే నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికో వాళ్ల 'చనిపోయినవారి రోజు' వస్తుంది, చాలా మ్యూజియాల్లో దానికి బల్ల అలంకరిస్తారు. పుర్రె బొమ్మలు చూసి అశుభమని మనవాళ్లు పిల్లల్ని పక్కకి లాక్కుపోతుంటారు. అలా చేయకండి. మొదటిరోజు చనిపోయిన పిల్లల కోసం, రెండోరోజు పెద్దల కోసం. ఫొటో పెట్టి, నీళ్లు, ఉప్పు, రొట్టె, వాళ్లకి ఇష్టమైన వంటకం పెట్టి, దీపాలు వెలిగించి పిలుస్తారు. మహాలయ పక్షంలో మనం చేసేది తలచుకుంటే మీకే అర్థమవుతుంది. ఆ బల్ల నిండా బంతిపూలే. కడియం నుంచి మన పండగలకి బుట్టలకొద్దీ వచ్చే బంతి అసలు మెక్సికో మొక్క. మీ నాన్నగారో తాతగారో పోయి ఉంటే, ఎవరి పేరైనా రాసి పెట్టండని కాగితాలు ఉంచిన చోట తెలుగులోనే పేరు రాసి పెట్టండి, ఎవరూ కాదనరు.

దీపావళి ప్రోగ్రాము ఇప్పుడు చాలా మ్యూజియాల్లో పెడుతున్నారు. తిథి చూసి పెట్టరు, వీలైన శనివారం చూసి పెడతారు, అది చూసి నొచ్చుకోకండి. అక్కడ మీరు ప్రేక్షకులుగా ఉండిపోకూడదన్నదే నా కోరిక. ఇండియా అనగానే సినిమా పాటకి డాన్సు, చేతికి గోరింటాకు, అంతటితో అయిపోతోంది. మీది నరసాపురం కదమ్మా. మీ ఊరి లేసుకి 2024లో జీఐ (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, మన ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని సూదీ దారంతో దాన్ని తమ సొంతం చేసుకున్నారు. అమెరికాలో కూడా క్రోషే, అంటే కొక్కెం సూదితో ఇలాంటి అల్లిక, వేసే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. ఒక బల్ల వేయించుకుని, తెల్ల దారం, కొక్కెం సూది, ఒకటి సగం వేసిన పువ్వు, ఒకటి పూర్తయిన బల్లగుడ్డ పెట్టుకుని కూర్చోండి. మీరు ఇంగ్లీషులో ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. మీ సూది కదులుతుంటే వాళ్లే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటారు. పువ్వు ఒకరు వేస్తారని, అతుకు పని ఇంకొకరు చేస్తారని, ఒక గుడ్డ వెనక ఎన్ని ఇళ్ల చేతులుంటాయో చెప్పండి. ఊరి పేరు చెప్పండి, గోదావరి పేరు చెప్పండి, వీలైతే ఒక మ్యాపు అంటించండి.

కొన్ని జాగ్రత్తలు. లోపల నిజం దీపం వెలిగించనివ్వరు, బ్యాటరీ దీపాలే. బియ్యప్పిండి ముగ్గు వేస్తానంటే చాలాచోట్ల వద్దంటారు, పురుగులొస్తే పాత వస్తువులు పాడవుతాయని వాళ్ల భయం, అది న్యాయమైనదే. రంగు ఇసుకో సుద్దో అడగండి, లేదా బయట నేల మీద వేస్తానని చెప్పండి. తాజా పూలకీ అదే చిక్కు. ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి పంచాలని అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, కానీ ఇంట్లో వండినవి బయటివాళ్లకి పెట్టడానికి ఆరోగ్యశాఖ నిబంధనలుంటాయి, కాబట్టి అడక్కుండా తీసుకెళ్లకండి. ఇంకోటి ముఖ్యమైనది: మీకు వర్క్ పర్మిట్ లేకపోతే సరదాగా సేవ చేయడం వేరు, చేసినందుకు మ్యూజియం వాళ్లిచ్చే డబ్బు తీసుకోవడం వేరు. చెక్కే కాదు, గిఫ్ట్ కార్డు ఇచ్చినా మీ వారి ఆఫీసు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగే దాకా పుచ్చుకోకండి. దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు, మొహమాట పడకుండా ముందే చెప్తే వాళ్లు అర్థం చేసుకుంటారు.

ప్రోగ్రాముకి పేరు నమోదు చేసుకుంటే వెళ్లండి, వెళ్లలేకపోతే రద్దు చేయండి. ఇద్దరికని రాసి ఐదుగురు వెళ్లకండి. పది గంటలంటే పదికే మొదలవుతుంది. అందరూ మనల్ని చూసి మన తర్వాత వచ్చేవాళ్లని అంచనా వేస్తారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకా విమానం ఎక్కనివాళ్లకి ఒక మాట. వెళ్లే లోపు ఒకరోజు పిల్లల్ని ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియానికి తీసుకెళ్లండి. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర గోదావరి మీద కట్టించిన ఆనకట్ట వల్లే మన డెల్టా ఇలా పండటం మొదలైందని ఆ ఒడ్డున నిలబెట్టి చెప్పండి. అక్కణ్ణుంచి రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ దగ్గరే. 1925లో పోయేనాటికి ఆయనకి ముప్పై కూడా నిండలేదు, ఆ బొమ్మలు చూస్తే అది నమ్మబుద్ధి కాదు. మీ ఊరి నది గురించి చెప్పమని అక్కడి టీచరు అడిగితే పిల్లలకి చెప్పడానికి ఏదో ఒకటి చూసి ఉండాలి కదా.

నరసాపురం అమ్మాయికి చివరగా: ఈ ఏడాది దీపావళికి మ్యూజియం వాళ్లు ఏర్పాట్లు ఇప్పటికే చేసేసుకుని ఉంటారు. సాయానికి మనుషులు కావాలా అని మాత్రం ఒక మెయిల్ పెట్టండి, కుర్చీలు సర్దమన్నా వెళ్లండి. లేసు బల్ల వచ్చే ఏడాదికి అడగండి, ఫిబ్రవరిలోనే అడగండి, నాలుగు ఫొటోలు జత చేసి పంపండి. ఈలోగా అమ్మగారితో చెప్పి మంచి దారం, రెండు మూడు పువ్వులు తెప్పించుకోండి.