ఓడెక్కబోతున్న మేనల్లుడికి

చిన్నా,

నీకు ఓడ దొరికిందని అక్క ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. సముద్రపు దొంగల సినిమాలు చూసి ఓడ భాష నేర్చుకుంటున్నావట. ఆ "ఆర్ర్" అనే కేక 1950లో డిస్నీ తీసిన ట్రెజర్ ఐలాండ్‌లో రాబర్ట్ న్యూటన్ అనే నటుడు నైరుతి ఇంగ్లండ్ యాసలో పలికితే జనం నోట నిలిచిపోయింది. "అయ్ అయ్" మాత్రం అచ్చంగా ఓడ మాటే. ఉత్త "సరే" కాదది. "అర్థమైంది, చేస్తున్నాను" అని. అర్థం కానప్పుడు అనకు, మళ్లీ అడుగు. తిట్టినా పర్వాలేదు.

నేను మొదటిసారి ఓడని రేవుకి కట్టే పనికి, అంటే మూరింగ్‌కి నిలబడ్డ రోజు సరంగు (డెక్కు పనివాళ్ల పెద్ద) "మేక్ ఫాస్ట్" అని అరిచాడు. తొందరగా లాగమన్నాడనుకుని మోకు లాగడం మొదలుపెట్టాను. ఆయన ఒక్క ఉదుటున వచ్చి నన్ను పక్కకు తోసి, జంట బొలార్డుల (మోకు కట్టే ఇనుప గుంజల) మీద 8 అంకెలా మోకు చుట్టి బిగించేశాడు. ఫాస్ట్ అంటే అక్కడ గట్టిగా కట్టెయ్యడం. అప్పుడే మోకు మీద బరువు పడి ఉంటే నా వేళ్లు మిగిలేవి కావు.

"బైట్" కూడా అంతే. కొరకడం కాదు, మోకు మడతపడిన చోట ఏర్పడే వంపు. అందులో కాలు పెట్టావో, మోకు బిగిసిన క్షణం కాలు పోతుంది. బిగిసిన మోకు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, దాని దారిలో నిలబడకు.

చుక్కాని దగ్గర "స్టార్‌బోర్డ్ టెన్" (కుడికి 10 డిగ్రీలు) అనగానే అదే మాట తిరిగి చెప్పు. చక్రం తిప్పి, సూచీ 10కి చేరాక మళ్లీ చెప్పు. వెనకటికి ఎడమ పక్కని లార్‌బోర్డ్ అనేవారు. గాలి హోరులో రెండూ ఒకేలా వినిపిస్తాయని 1844లో బ్రిటిష్ నౌకాదళం ఆ మాట తీసేసి, పోర్ట్ అనే అనమంది. ఐఎమ్ఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) 2001లో ఆమోదించిన ఓడ మాటల సంపుటి ఉంది, సినిమాల కన్నా ముందు అది చదువు.

మనవాళ్ల లష్కరీ (పాతకాలపు ఓడ పనివాళ్ల) మాటల్ని చిన్నచూపు చూడకు. సరంగు పారసీ నుంచి వచ్చింది, దించమనే "ఆరియా" పోర్చుగీసు నుంచి. గోదావరి లాంచీ నడిపే ఆయన్నీ సరంగనే అంటాం కదా! 1811లోనే థామస్ రోబక్ ఇలాంటి మాటలతో కలకత్తాలో నిఘంటువు అచ్చేయించాడు.

సముద్రపు దొంగలు ఇప్పటికీ ఉన్నారు. "సిటడెల్" అంటే వాళ్లు ఎక్కితే మీరంతా దూరి లోపల గడియ వేసుకునే గది. అదెక్కడుందో ఓడెక్కిన రోజే చూసుకో.

ఆదివారం ఇంటికి రా. పాత మోకు ముక్క ఒకటి తీసిపెట్టాను. కళ్లు మూసుకుని బౌలైన్ ముడి వేసేదాకా లేవనివ్వను. అత్తయ్య వంజరం పులుసు పెడతానంది.

దీవెనలతో,
మీ మావయ్య